మనిషి రాకను కనిపెట్టి వెలుగు దీపము

(హైదరాబాదు పాతబస్తీని చూడవచ్చిన గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున సమాచార శాఖ ప్రచారాధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠము)



ఈ పూట మీరు చార్మినారు చుట్టునున్న వీథులలో తిరిగివచ్చితిరి. 1591లో వెలసిన ఆ కట్టడమును చూచిన పిమ్మట మీలో కొందరు సన్నని గల్లీలలోనికి పోయి పాత ఇండ్లను కూడ చూచితిరి. వెలుపల కన్ను చెదరు ఎండ. లోపల మెట్ల దారిలో మాత్రము దీపము లేనిదే అడుగు కానరాదు. ఇల్లు ఇల్లు ఆనుకొని యున్నచోట ప్రక్కగోడలకు కిటికీలు పెట్టుటకు వీలుండదు. కావున అట్టి మెట్ల దారులలో పగలనక రేయనక బల్బు వెలుగుచునే యుండును. దానిని ఆర్పువారెవరు? నాలుగు కాపురములవారు నడచు దారి అది. అందరిదైన దీపము ఎవరిదీ కాకపోవుట లోకములో ఉన్నదే.

ఈ మాట వినగానే మీకు మీ ఊరి పంచాయతీ కార్యాలయపు వరండా, పాఠశాల మరుగుదొడ్డి, గ్రంథాలయపు నడవ జ్ఞప్తికి వచ్చి యుండవచ్చును. అక్కడి దీపములకును ఇదే గతి. వాటి బిల్లు మాత్రము ఊరి సొమ్ము. మనిషి వచ్చినప్పుడు తానే వెలిగి, పోయిన పిదప తానే ఆరు దీపమును అట్టిచోట్ల అమర్చుకొనవచ్చును. దానికి వలసిన చిన్న పరికరమును చలన సెన్సర్ అందురు. దానిని ఎచట పెట్టవలెను, ఎట్లు బిగింపవలెను, ఎట్లు సరిదిద్దుకొనవలెను అను విషయములను నేడు మీకు విన్నవింతును. అన్నిటికంటె ముందు ఒక మాట. ఈ పరికరము కరెంటును ఆదా చేయుటకే వచ్చినది. కాని మనిషిని చీకటిలో నిలుపు ఆదా మనకు వలదు. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుటయే దీనిలోని నేర్పు.

స్విచ్చుల పలక నుండి చిన్న కంటి వరకు

పాతబస్తీకి దక్షిణమున గుట్టమీద నున్న ఫలక్‌నుమా సౌధమును సర్ వికారుల్ ఉమ్రా కట్టించెను. 1884లో పునాది పడిన ఆ సౌధము 1893లో పూర్తియైనది. 2010 నుండి హోటలుగా నున్నది. అందలి విద్యుత్ స్విచ్చుల పలక దేశములోని మిక్కిలి పెద్ద పలకలలో ఒకటిగా పేరొందినది. అంతటి సౌధమునకు దీపములు వెలిగించుట, ఆర్పుట మనుష్యులు చేయు కొలువు. 1920లో హుస్సేన్‌సాగరు ఒడ్డున విద్యుత్కేంద్రము నెలకొన్నది. ఆ కేంద్రము నేడు లేదు. కరెంటు మాత్రము గుడిసెకును మేడకును చేరినది. దీపము ఇంటింటికి వచ్చెను గాని దానిని ఆర్పుటకు కొలువువాడు రాలేదు. ఆ పనిని ఇప్పుడు అరచేతిలో ఇముడు పరికరము చేయుచున్నది.

ఇది ఎట్లు పనిచేయును?

మన శరీరము నుండి వేడి ఎల్లప్పుడు కిరణముల రూపమున వెలువడుచుండును. ఆ కిరణములు కంటికి కానరావు. కొన్ని పదార్థములకు వేడిలో మార్పు కలిగినప్పుడు స్వల్పముగా విద్యుత్తు పుట్టు గుణము కలదు. 1824లో బ్రూస్టర్ అను శాస్త్రజ్ఞుడు ఈ గుణమునకు పేరు పెట్టెను. అట్టి పదార్థపు తునకలు రెండింటిని సెన్సర్‌లో ప్రక్కప్రక్కన అమర్తురు. వాటి ముందు గీతలు గీతలుగా నున్న తెల్లని ప్లాస్టిక్ మూత యుండును. అది వట్టి మూత కాదు, కటకము. ఫ్రాన్సు దేశీయుడైన ఫ్రెనెల్ 1820ల దశాబ్దమున సముద్రతీరపు దీపస్తంభముల కొరకు రూపొందించిన కటకపు పద్ధతియే ఇందును కలదు. ఓడలకు దూరము నుండి వెలుగు చూపుటకు పుట్టిన ఉపాయము నేడు మన మెట్ల దారిలోనికి వచ్చినది.

ఆ కటకము గదిని పంటచేనిలోని మళ్లవలె భాగములుగా విభజించును. మనిషి ఒక మడి నుండి వేరొక మడిలోనికి దాటినప్పుడు, మొదట ఒక తునకకు, పిదప రెండవదానికి వేడి తగులును. ఆ తేడానే సెన్సర్ కనిపెట్టును. దీనినిబట్టి మూడు సంగతులు గ్రహింపవలెను. మొదటిది: ఇది మనిషిని చూడదు, కదలు వేడిని చూచును. కదలక కూర్చున్న మనిషి దీనికి లేనట్లే లెక్క. రెండవది: ఎదురుగా నడచివచ్చువానికంటె అడ్డముగా నడచువానిని ఇది త్వరగా పట్టును. మూడవది: మనిషి మేనికిని గదికిని వేడిలో తేడా యుండవలెను. మన చర్మపు వేడి సుమారు 33 నుండి 35 డిగ్రీలు. హైదరాబాదులో మే నెల మధ్యాహ్నములు 40 డిగ్రీలు దాటుట కలదు. ఎండకు కాగిన మిద్దె క్రింది గది మేనితో సమానముగా వేడెక్కినచో సెన్సర్ చూపు మందగించును. కావున పుష్యమాసపు చలిలో సరిగా పనిచేసినదానిని వైశాఖములో మరల పరీక్షింపవలెను.

ఇది గాక మైక్రోవేవ్ సెన్సర్ అను రెండవ జాతి కలదు. అది తానే సన్నని తరంగములను పంపి, కదలు వస్తువుకు తగిలి మరలివచ్చువాటిని గమనించును. ఎండకాలపు వేడి దానికి అడ్డు కాదు. కాని దాని చూపు పలుచని తలుపులను, చెక్క అడ్డులను, అద్దములను దాటిపోవును. సన్నని గల్లీలోని ఇంటిలో దానిని తలుపు చెంత పెట్టినచో వీథిలో పోవు ప్రతి స్కూటరుకును లోపలి దీపము వెలుగును. వేడిని చూచు సెన్సర్‌కు అద్దము గోడవంటిదే. అద్దమున కావలనున్న మనిషి దానికి కానరాడు. ఏది కొనవలెనో చోటును చూచి నిర్ణయింపుడు.

ఎచట పెట్టవలెను? ఎచట పెట్టరాదు?

మనుష్యులు నడచిపోవుచోట్ల ఇది మేలు: మెట్ల దారి, నడవ, వరండా, సామాను గది, చేతులు కడుగుకొను చోటు. మనుష్యులు కూర్చుండుచోట్ల ఇది ఇబ్బంది: చదువుకొను గది, లెక్కలు వ్రాయు గది, పసిబిడ్డలు నిద్రించు అంగన్‌వాడీ గది. గ్రంథాలయములో ముసలాయన పత్రిక చదువుచుండగా దీపము ఆరి, ఆయన చేయి పైకెత్తి ఊపుకొనవలసి వచ్చినచో అది సౌకర్యము కాదు, అవమానము.

మరుగుదొడ్డి ఈ రెంటికి నడుమ నుండునది. అచట మనిషి కదలక కూర్చుండును. కొలది నిమిషములలో దీపము ఆరినచో బాలికలు, వృద్ధులు భయపడుదురు. కావున అచట దీపము ఆరకుండు వ్యవధిని ఎక్కువగా నుంచవలెను. తలుపులు, అడ్డుగోడలు వేరువేరుగా నున్నచో ఒక్కొక్క అరకు ఒక్కొక్క సెన్సర్ వలయును. బయటి నడవలోని ఒక్క సెన్సర్ లోపలి మనిషిని చూడజాలదు.

పాతబస్తీ ఇండ్లలో గుమ్మములకు పరదాలు కట్టుట వాడుక. వీథి వేడిగాలికి పరదా ఊగినను సెన్సర్ మనిషియే వచ్చెనని భ్రమపడును. వంటపొయ్యి, వేడిగాలి వదలు యంత్రము, నేరుగా ఎండపడు కిటికీ వీటికి ఎదురుగా దానిని పెట్టరాదు. బక్రీదు దినములలో ముంగిట కట్టిన మేకయు, మీ ఊళ్లలో వసారాలో కట్టిన దూడయు దీపమును వెలిగింపగలవు. అట్టిచోట కటకపు క్రింది భాగమునకు నల్లని టేపు అంటించినచో నేలమీది కదలిక దానికి కానరాదు.

బిగించు విధము

పని ఆరంభింపక ముందు మెయిన్ స్విచ్చి తీసివేయవలెను. పిదప టెస్టరుతో తీగలను పరీక్షింపవలెను. లైసెన్సు గల ఎలక్ట్రీషియను చేతనే ఈ పని చేయింపుడు. పాత ఇండ్లలో చెక్క పట్టీలమీద పరచిన తీగలు కొన్నిచోట్ల నేటికిని ఉన్నవి. వాటి పైతొడుగు ఎండి, ముట్టుకొనిన రాలిపోవును. అట్టి తీగలకు క్రొత్త పరికరము తగిలించుట కంటె ముందు తీగలను మార్చుట మేలు.

సెన్సర్‌కు సామాన్యముగా మూడు తీగలుండును. ఫేజు ఒకటి, న్యూట్రల్ ఒకటి, దీపమునకు పోవునది మూడవది. ఇచటనే చిక్కు వచ్చును. మన స్విచ్చుల పెట్టెలలో అనేకచోట్ల ఫేజు తీగయు, దీపమునకు పోవు తీగయు మాత్రమే యుండును. న్యూట్రల్ నేరుగా దీపమునకు పోయి యుండును. కావున స్విచ్చి చోట కాక దీపము చెంతనే సెన్సర్‌ను బిగించుట సుళువు. న్యూట్రల్ అక్కరలేని రెండు తీగల సెన్సర్‌లును దొరకును గాని, చిన్న ఎల్.ఇ.డి. బల్బులతో వాటిని వాడినప్పుడు ఆరిన పిదప కూడ బల్బు మినుకుమినుకుమనుట కలదు. న్యూట్రల్ లేదని భూమి తీగను దానికి బదులు వాడుట ప్రాణాపాయము. ఎవరు చెప్పినను ఒప్పుకొనరాదు.

ఎత్తు ముఖ్యమైనది. కప్పునకు బిగించు సెన్సర్ 8 నుండి 10 అడుగుల ఎత్తున నున్నచో సుమారు 20 అడుగుల వెడల్పు గల వలయమును చూడగలదు. పాత దేవిడీల కప్పులు ఇంతకంటె ఎత్తుగా నుండును. ఆ ఎత్తునుండి దాని చూపు నేలకు చాలదు. అట్టిచోట గోడమీద 7 లేక 8 అడుగుల ఎత్తున బిగించు రకము తీసికొనవలెను. మెట్ల దారిలో క్రింద ఒకటి, పైన ఒకటి యుండుట మేలు. క్రింద ఎక్కువానికి మొదటి మెట్టు చేరకముందే దీపము వెలుగవలెను. పైనుండి దిగువానికి గడప దాటగనే వెలుగవలెను. సగము మెట్లు దిగిన పిదప వెలుగు దీపము ఉన్నను లేనట్లే.

సున్నపు గారతో కట్టిన పాత గోడలలో ప్లాస్టిక్ బిరడాలు నిలువవు. కొన్నాళ్లకు వదులై ఊడివచ్చును. గోడలో కొయ్యముక్కను దిగగొట్టి దానిపై స్క్రూ బిగించుట పాత పనివారి పద్ధతి. ఇప్పటికిని అదియే గట్టి పద్ధతి.

మరి యొక మాట. పాత స్విచ్చిని తీసిపారవేయకుడు. సెన్సర్‌తో నిమిత్తము లేకుండ దీపమును వెలిగించుకొనుటకు దానిని ప్రక్కదారిగా ఉంచుకొనవలెను. గ్రామసభ జరుగు రాత్రి, పెండ్లి విడిది యున్న రాత్రి, పరికరము చెడిన రాత్రి ఆ స్విచ్చియే ఆదుకొనును.

మూడు మరలు

పరికరము అడుగునగాని ప్రక్కనగాని చిన్న మరలు మూడుండును. కొన్నింటిలో రెండే యుండును. వాటి చెంత ఆంగ్లాక్షరములలో టైమ్, లక్స్, సెన్స్ అని వ్రాసి యుండును.

టైమ్ అనునది చివరి కదలిక పిదప దీపము ఎంతసేపు వెలుగవలెనో నిర్ణయించును. కొన్ని సెకనుల నుండి పలు నిమిషముల వరకు దీనిని మార్చవచ్చును. లక్స్ అనునది ఎంత చీకటి యున్నప్పుడు పరికరము పనిచేయవలెనో నిర్ణయించును. దాని ఒక కొసన సూర్యుని బొమ్మ, రెండవ కొసన చంద్రుని బొమ్మ యుండును. సూర్యుని వైపు త్రిప్పినచో పగలును పనిచేయును. చంద్రుని వైపు త్రిప్పినచో చీకటి పడిన పిదపనే పనిచేయును. సెన్స్ అనునది చూపు ఎంత దూరము పోవలెనో నిర్ణయించును.

సరిదిద్దుటకు ఒక క్రమము కలదు. కరెంటు ఇచ్చిన తరువాత ఒక నిమిషము ఆగుడు; పరికరము స్థిమితపడుటకు అంత సమయము కావలెను. మొదట లక్స్ మరను సూర్యుని వైపునకు పూర్తిగా త్రిప్పుడు. టైమ్ మరను అతి తక్కువకు త్రిప్పుడు. ఇప్పుడొకరు గదిలో అన్ని మూలలకును మెల్లగా నడువవలెను, నడుమ ఆగి దీపము ఆరనీయవలెను, మరల నడువవలెను. ఎచట అడుగుపెట్టిన దీపము వెలుగుచున్నదో, ఎచట వెలుగుట లేదో సుద్దతో నేలమీద గుర్తు పెట్టుకొనుడు. గుర్తులనుబట్టి సెన్స్ మరను సరిచేయుడు. ఈ పరీక్షకు చురుకైన కుఱ్ఱవానిని పిలువకుడు. చేతికఱ్ఱతో మెల్లగా నడచు పెద్దవారిని ప్రక్కన తోడుండి నడిపింపుడు. వారికి వెలిగిన దీపము అందరికిని వెలుగును.

తరువాత టైమ్ మరను పెంపవలెను. మొదటి వారము ఎక్కువగానే ఉంచుడు: మెట్ల దారిలో మూడు నిమిషములు, మరుగుదొడ్డిలో పది నిమిషములు. ఎవరును చీకటిలో చిక్కుకొనలేదని తెలిసిన పిదప కొంచెము కొంచెముగా తగ్గించుకొనవచ్చును. మొదటనే తక్కువకు పెట్టి, జనము విసిగి పరికరమును పీకివేసిన పిదప విచారించిన ప్రయోజనము లేదు.

లక్స్ విషయములో సామాన్యముగా చంద్రుని వైపు ఉంచుమని చెప్పుదురు. కిటికీలున్న పంచాయతీ వరండాకు అది సరియే. పాతబస్తీ మెట్ల దారికి అది చెల్లదు. పగటివేళ అచట మసక వెలుతురుండును గాని కాలు పెట్టుటకు చాలదు. మీ ఊళ్లలోని మండువా ఇండ్లకు నడుమ ఆకాశము కనబడును, వెలుతురు దిగును. చుట్టుగదుల మూలలలో మాత్రము మధ్యాహ్నము కూడ మసకయే. కావున గడియారమును చూచి కాక, ఆ చోట నిలిచి మెట్టు అంచు కానవచ్చునో లేదో చూచి ఈ మరను త్రిప్పవలెను. సెన్సర్‌పై దీపపు కాంతి నేరుగా పడరాదు. పడినచో తన వెలుగునే పగలనుకొని దీపమును ఆర్పివేయును. చీకటి కాగానే మరల వెలిగించును.

ఆదా ఎంత?

లెక్క చూతము. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు మెట్ల దారిలో రాత్రింబవళ్లు వెలిగినచో రోజుకు 216 వాట్ గంటలు, సంవత్సరమునకు సుమారు 79 యూనిట్లు ఖర్చగును. సెన్సర్ పెట్టిన పిదప అది రోజుకు రెండు గంటలు మాత్రమే వెలిగినదనుకొందము. దీపమునకు 18 వాట్ గంటలు. సెన్సర్ తాను మేలుకొని యుండుటకును కొంత కరెంటు తినును. దానిని అర వాటుగా తీసికొనినచో రోజుకు 12 వాట్ గంటలు. మొత్తము 30. అనగా సంవత్సరమునకు 11 యూనిట్లు. ఒక్క బల్బుమీద 68 యూనిట్లు మిగిలినవి. మీ బిల్లులోని యూనిట్ ధరతో గుణించి, సెన్సర్ ఖరీదు ఎన్నాళ్లకు తీరునో మీరే చూచుకొనుడు.

ఇప్పుడు రెండవ లెక్క. సామాను గదిలో 5 వాట్ల బల్బు రోజుకు రెండు గంటలు వెలుగుచున్నది. దాని ఖర్చు 10 వాట్ గంటలు. అచట అదే సెన్సర్ పెట్టినచో, సెన్సర్ ఒక్కటియే 12 తినును. ఆదా కాదు గదా, నష్టము. అట్టిచోట స్విచ్చి ప్రక్కన "దీపము ఆర్పిపొండు" అని వ్రాసిపెట్టిన చాలును. మీ ఊరిలో ఇంకను 60 వాట్ల పాత బల్బులుండినచో ముందు వాటిని మార్చుడు. 2015 జనవరి 5న ప్రారంభమైన ఉజాలా పథకముతో ఎల్.ఇ.డి. బల్బులు దేశమంతట వ్యాపించినవి. 60 వాట్ల చోట 9 వాట్లు వచ్చినప్పుడు కలుగు ఆదా ఏ సెన్సర్‌కును తీసిపోదు. పైగా మాటిమాటికి వెలిగి ఆరుటవలన పాత ట్యూబులైట్ల ఆయువు తగ్గును, ఎల్.ఇ.డి. దీపములకు ఆ బాధ తక్కువ.

పంచాయతీ చేయవలసినది

ఒకేసారి పది సెన్సర్‌లు కొనకుడు. ఒక్కటి కొని, ఒక్క చోట బిగించి, ఒక నెల చూడుడు. నెల మొదట, నెల చివర మీటరు అంకెలు వ్రాసికొనుడు. నగరములో కోఠి చెంతనున్న ట్రూప్ బజారువంటి విద్యుత్ సామగ్రి వీథులలో అనేక రకములు దొరకును. కొనునప్పుడు రసీదు, గ్యారంటీ పత్రము తీసికొనుడు. ఎన్ని వాట్ల ఎల్.ఇ.డి. దీపములను అది మోయగలదో పెట్టెమీద చూడుడు. పాత బల్బులకు వ్రాసిన అంకె వేరు, ఎల్.ఇ.డి.కి వ్రాసిన అంకె వేరు.

బిగించిన పిదప బాధ్యత ఒకరికి అప్పగింపవలెను. మూడు మరలు ఏ స్థానములో నున్నవో ఒక పుస్తకములో వ్రాసిపెట్టుడు. లేనిచో ఒకరు త్రిప్పినది వేరొకరు త్రిప్పి గందరగోళమగును. నెలకొకసారి మెత్తని పొడిబట్టతో కటకముమీది దుమ్మును, సాలెగూడును తుడువవలెను. ఏడాదికి రెండుమారులు, చలిలో ఒకసారి, ఎండలలో ఒకసారి, నడక పరీక్ష చేయవలెను.

అన్నిటిని మించి, ఆ దారిన నడచువారి నోటిమాట వినుడు. పాఠశాలలోని ఆడపిల్లలను ఉపాధ్యాయురాలి ద్వారా అడుగుడు: లోపల నుండగా దీపము ఆరుచున్నదా? రాత్రివేళ లేచు వృద్ధులను అడుగుడు: మెట్టు కానవచ్చుచున్నదా? పాతబస్తీ ఇండ్లలో రంజాను నెలలో తెల్లవారుజామున లేచి వంట ప్రయత్నము చేయు ఇల్లాండ్రకును, మీ ఊళ్లలో కోడికూతకు లేచి పాలు పిదుక పోవు తల్లులకును ఆ వెలుగే ఆధారము. చీకటిలో జారిపడి తుంటి యెముక విరిగిన పెద్దామె మంచముపట్టి పడు బాధ యెదుట, ఏడాదికి మిగిలిన 68 యూనిట్లు ఏపాటివి? ఆమెకు సరిపడునట్లు మరను త్రిప్పిన పిదప మిగిలినదే మనకు నిజమైన ఆదా.

మీరు ఊరు చేరిన పిమ్మట రాబోవు సమావేశమునకు ముందు ఒక రాత్రి పంచాయతీ భవనము, పాఠశాల, అంగన్‌వాడీ చుట్టివచ్చి, ఎవరును లేనిచోట వెలుగుచున్న దీపములెన్ని, మనుష్యులు నడచుచోట వెలుగని దీపములెన్ని అని రెండు పట్టీలు వ్రాయుడు. మొదటి పట్టీ మీకు సెన్సర్ ఎచట వలయునో చెప్పును. రెండవ పట్టీలోని పనిని మాత్రము ముందుగా చేయుడు.